దించితే ఆశీలు

మా వీధిలో సాయంత్రం పూట ఎవరైనా పన్నుల మాట ఎత్తారంటే ఆ రోజు వంటలు ఆలస్యమయ్యేవి. మగవాళ్ళు మా అరుగు మీద చేరేవారు. ఆడవాళ్ళం గుమ్మాల్లో నిలబడేవాళ్ళం. అందరం ఒక్కసారే మాట్లాడేవాళ్ళం. ఎవరి మాట ఎవరికీ వినబడేది కాదు, అయినా ఎవరూ తగ్గేవారు కాదు.

ఎనభైల మొదట్లో సంగతిది. గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చి అప్పటికి మాకు ఏడెనిమిదేళ్ళయింది. మా ఆయన పోర్టులో గుమాస్తా. నేను దగ్గర్లోని హైస్కూల్లో సోషల్ టీచర్ని. మార్కెట్టును ఆనుకుని ఉన్న వీధిలో, మూడు మెట్లూ పెద్ద అరుగూ ఉన్న ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని వీధంతా తెలుసు. న్యాయం నా పక్క ఉందని తోచిందంటే ఇక నన్నెవరూ ఆపలేరని మా ఆయన అందరికీ చెప్పేవారు. మెచ్చుకుంటున్నారనుకునేదాన్ని.

ఆ ఏడు మా హెడ్మాస్టరు గారు బడి లిఖిత పత్రికకు టీచర్లందరూ తలో వ్యాసం ఇచ్చి తీరాలని హుకుం జారీ చేశారు. నేను ఎంచుకున్నది, జనం దృష్టిలో అన్నిటికంటే అన్యాయమైన పన్ను ఏది అన్న సంగతి. పుస్తకాలు చూసి రాయడం కాదు, మనుషుల్ని అడిగి రాద్దామనుకున్నాను. అరుగు మీద అంతమంది ఉంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు కదా.

మొదట మా ఆయన్నే అడిగాను. "ఇన్‌కం టాక్సేనోయ్, ఇంకా అడగాలా? జీతం నా చేతికి రాకముందే కోసేసుకుంటారు. కనీసం ఒక్కసారి కళ్ళారా చూడనిచ్చి అప్పుడు పట్టుకుపోవచ్చు కదా" అన్నారు. పక్కింటాయనది కృష్ణా జిల్లా. ఆయనా పోర్టు ఉద్యోగే, అక్కడ అప్పు తీసుకుని సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఆయనకు ఇంటి పన్ను పేరెత్తితే ఒళ్ళు మండేది. "కట్టేటప్పుడు ఒక్కడూ వచ్చి ఒక్క ఇటుక అందించలేదండీ. కట్టాక మాత్రం టేపు పట్టుకుని వచ్చారు. మెట్ల కింద చీపుర్లు పెట్టుకునే గూడు కూడా గదేనంట" అన్నాడు.

ఎదురింటి అబ్బాయి ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో కొత్తగా చేరాడు. రోజూ సైకిలు మీద బస్సు దగ్గరికి వెళ్ళి, అక్కణ్నుంచి కూర్మన్నపాలెం వెళ్ళేవాడు. అతని బాధంతా సైకిలు బిళ్ళ గురించి. ఏడాదికోసారి డబ్బు కట్టి రేకు బిళ్ళ తగిలించుకోవాలి. లేకపోతే కూడలిలో పట్టుకునేవారు. "నాను దూరంనుంచే ఆడ్ని సూసి దిగిపోనాను బావా. సైకిలు తొక్కుతన్నానేటి, తోసుకుని ఎల్తన్నాను కదా అన్నాను. ఆడు ఇన్నేదు" అని మా ఆయనతో మొరపెట్టుకున్నాడు. అతని తల్లి గుమ్మంలోంచే అందుకుంది. "సినిమా టిక్కెట్టు మీద వినోదపు పన్నంట పంతులమ్మా. నిన్న మూడు గంటలూ కొంగు తడిసేదాకా ఏడిసి వచ్చినాను. నా దగ్గర వినోదపు పన్ను ఏటికి?"

మా బడి వాచ్‌మన్ది శ్రీకాకుళం వైపు పల్లె. అతను నెమ్మదిగా చెప్పాడు. "మా సెక్కకి కాలవ నీరు రానేరాదు పంతులమ్మగోరూ. కాయితం మీద మాత్రం వత్తాది. ఆ కాయితం నీటికే తీరువా కడతన్నాం." అది రాసుకుని కింద గట్టిగా గీత గీశాను.

ఇలా అయిదారు రోజులు అందర్నీ అడిగాను. బట్టలకొట్టు షావుకారునీ, పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టడానికి వచ్చిన ముసలాయన్నీ కూడా వదల్లేదు. రోజూ పొద్దున్నే మా మెట్ల ముందు నిలబడి చేపలమ్మే మనిషిని మాత్రం అడగలేదు. ఆవిడ పన్ను కట్టే మనిషని నాకు తోచనే లేదు.

ఆవిడ జాలరిపేట నుంచి వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇక్కడివాళ్ళు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. నెత్తిన గంప, గంప కింద గుడ్డతో చేసిన చుట్టకుదురు, మెడ నిటారుగా, చూపు ఎదురుగా. ఎప్పుడూ గంప కిందికి దించేది కాదు. మెట్ల పక్కన నిలబడి "సేపలమ్మా" అని ఒక్క కేక వేసేది. నేను పై మెట్టు మీదికి వచ్చి నిలబడితే గంపలోకి కనిపించేది. ఆవిడకు కనిపించదు కదా, అయినా కుడి చెయ్యి పైకి పెట్టి, తడిమి, తీస్తూనే పేరు చెప్పేది. "ఇది కానాగంత. ఇది సందువా. ఇది మాగ సేపమ్మా, మీ ఆయనకి ఇష్టం కదా." వేళ్ళతోనే తాజాదో నిన్నటిదో కూడా చెప్పేది. ఏడేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. గంప దించకపోవడం ఆవిడ టెక్కు అనుకునేదాన్ని నేను. ఒక చోట కుదురుగా నిలవని మనిషి, ఇంకో నాలుగిళ్ళు తిరగాలన్న తొందర అనుకునేదాన్ని.

ఒకరోజు చెయ్యి పైకి పెట్టి, "వంజరం దొరికింది ఇయ్యాల. పిల్లదే గాని మా రుసిగా ఉంటాది" అంటూ తీసి నా పళ్ళెంలో పడేసింది. చూస్తే అది సొర్ర పిల్ల.

సొర్ర ఒంటిని ముట్టుకుంటే గరుకు కాగితం మీద చెయ్యి పెట్టినట్టుంటుంది. వంజరం జారిపోతుంది. చీకట్లో చిన్నపిల్లకిచ్చినా తేడా చెబుతుంది. నాకు సర్రున కోపం వచ్చింది. "ఏం అప్పా, పంతులమ్మకేం తెలుస్తుందిలే అని సొర్రను వంజరమని అంటగడుతున్నావా? ఏడేళ్ళుగా కొంటున్నాను, ఇదా నువ్వు చేసేది?" అని వీధంతా వినబడేలా అరిచాను.

ఆవిడ తిరిగి అరవలేదు. గంప కదలకుండా కళ్ళు మాత్రం దించి పళ్ళెంలోకి చూసింది. చేపను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో అటూ ఇటూ రాసింది. ఇంకోసారి రాసింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను చూశాను. నన్ను మోసం చేయబోయి దొరికిపోయిన మొహం కాదది. నాకంటే ఎక్కువ అదిరిపోయింది ఆవిడే.

"నిజమేనమ్మా. సొర్రే" అంది. "నాకు తెలవనేదు."

"తెలియకపోవడమేంటి?"

"ఏళ్ళు మొద్దుబారిపోతన్నాయమ్మా. రెండు నెల్ల బట్టీ. ఇంతవరకూ సేప తెలిసీది. ఇయ్యాల అదీ తెలవనేదు."

మెల్లిగా చెప్పుకొచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్ళిందట. మెడలో నరం నలుగుతోందని డాక్టరు చెప్పాడట. నెత్తి మీద బరువు మానకపోతే ఆ చెయ్యి ఇక పనికి రాకుండా పోతుందన్నాడట. మానేస్తే తిండెలా? పేట నుంచి బస్తీ దాకా మోయక తప్పదు. కానీ అంతసేపూ మొయ్యకుండా, మధ్యమధ్య ఎక్కడైనా దించుకుని మెడకు విశ్రాంతి ఇమ్మన్నాడట.

"మరి దించుకోవచ్చు కదా. ఇక్కడ ఇంతసేపు నిలబడతావు, గంప కింద పెట్టి అమ్ముకోవడానికి ఏం అడ్డం?" అన్నాను.

నేను తెలిసే వేళాకోళం చేస్తున్నానేమోనని ఆవిడ నా మొహంలోకి చూసింది. "దించితే ఆశీలు కదమ్మా" అంది.

మార్కెట్టులోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ సరుకు అమ్ముకునేవాళ్ళ దగ్గర గంపకింత, బండికింత అని వసూలు చేసేదాన్ని ఆశీలంటారు. ఏడాదికోసారి దానికి వేలం పాట జరుగుతుంది. పాడుకున్న కాంట్రాక్టరు మనిషి సంచీ భుజానేసుకుని చీటీలు కోస్తూ తిరుగుతాడు. అదంతా నాకూ తెలుసు. నాకు తెలియనిదేమిటంటే, గంప నేలను తాకితేనే ఆశీలు. నెత్తి మీద ఉన్నంతసేపూ లేదు. దించిన గంపకు రోజూ కట్టేది చూడ్డానికి చిన్న మొత్తమే, కానీ ఆ డబ్బులకు ఆవిడ ఇంట్లో ఒక పూట నూకలొచ్చేవి. అందుకని పొద్దున ఒడ్డున ఎవరో సాయం పట్టి నెత్తికెత్తిన గంపను ఖాళీ అయ్యేదాకా దించకుండా నిలబెట్టుకునేది. పెళ్ళయి గంప ఎత్తుకున్న నాటి నుంచీ అంతేనట. పేట ఆడవాళ్ళంతా అంతేనట.

చీటీల మనిషి మా వీధిలో నడుస్తూ మనుషుల మొహాలు చూడకుండా ఎప్పుడూ నేలనే ఎందుకు వెతుకుతాడో అప్పుడర్థమైంది. ఏదో పారేసుకున్నాడనుకునేదాన్ని. అతను చూసేది గంపల కోసం. ఏడేళ్ళు ఆ మెడను రోజూ చూశాను. అది టెక్కు అనుకున్నాను. బరువు దించుకోవడానికి పన్ను. ఇలాంటి పన్నొకటి లోకంలో ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఆదాయం మీద పన్ను విన్నాను, ఇంటి మీద విన్నాను. బరువు దించి మెడ సవరించుకుంటే పన్నా!

"నేను రాస్తానుండు" అన్నాను.

"ఏటి రాత్తావమ్మా?"

"అర్జీ. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా? కార్పొరేషన్ పై ఆఫీసుకే రాస్తాను."

"వద్దమ్మా" అంది వెంటనే. "ఉన్నదున్నట్టు ఒగ్గీండి."

ఇది చదువులేని భయం అనుకున్నాను. భయపడకు, నీ పేరు పెట్టను అని చెప్పాను. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది కాని నేను విననిచ్చే మనిషిని కాదు. బడికి టైమైంది కూడా.

ఆ రాత్రి వ్యాసం పక్కన పెట్టేసి అర్జీ రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. గంప ఒకటే, చేప ఒకటే, అమ్మే మనిషి ఒకటే అన్నాను. నేలను తాకితే ఒక న్యాయం, తాకకపోతే ఇంకో న్యాయమా అని నిలదీశాను. ఈ తేడాకు అర్థం లేదు, ఇది నవ్వులపాలయ్యే నియమం, నియమమన్నది అందరికీ అన్నివేళలా ఒకేలా ఉండాలి అని ముగించాను. మా ఆయనకు చదివి వినిపించాను. "బాగుందోయ్. లాయరువి కావలసింది" అన్నారు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. మర్నాడు రిజిస్టరు పోస్టులో పంపాను.

తర్వాత నెలన్నర రోజులు ఆవిడ వస్తూనే ఉంది. గంప నెత్తి మీదే ఉంది. చేపల పేర్లు మాత్రం చెప్పడం మానేసింది. చెయ్యి పెట్టి, దొరికింది తీసి, కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసి, అప్పుడు పళ్ళెంలో వేసేది. ఒక్కోసారి చేప వేళ్ళ మధ్య నుంచి జారి మెట్ల మీద పడేది. నేను వంగి తీసి ఇచ్చేదాన్ని. "ఇంకెంత, జవాబొస్తుంది" అని ధైర్యం చెప్పేదాన్ని. ఆవిడ తలాడించేది కాదు. గంప ఉంది కదా, తలాడించడానికి వీలుండేది కాదు.

జవాబు వచ్చింది. పల్చటి కాగితం మీద టైపు చేసిన ఉత్తరం. మా ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన ఎదురుగానే చింపి, పైకి చదివాను. ఆశీలు వసూలులో గల లోపమును తమరు సహేతుకముగా ఎత్తిచూపినందులకు అభినందనలు అని మొదలైంది. "చూశారా" అన్నాను. తమరి వాదన సమంజసమని భావించడమైనది అని ఉంది. "చూశారా!" అన్నాను మళ్ళీ. ఆ తర్వాత వాక్యం చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను.

"కావున గంప నేలపై ఉన్ననూ నెత్తిపై ఉన్ననూ, వీధిలో ప్రవేశించిన ప్రతి గంపకునూ ఒకే రీతిన ఆశీలు వసూలు చేయవలసినదిగా కాంట్రాక్టరుకు ఉత్తర్వులు ఇవ్వడమైనది."

మళ్ళీ చదివాను. మూడోసారీ చదివాను. అక్షరాలు మారలేదు. మా ఆయన ఉత్తరం తీసుకుని చదివారు. ఆయన ఎప్పుడూ నన్ను వేళాకోళం చేసే మనిషి. ఆ రోజు చెయ్యలేదు. "నువ్వు అడిగిందే ఇచ్చారు కదా" అన్నారు, చాలా నెమ్మదిగా.

మర్నాడు పొద్దున ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బడికి వెళ్తూ చూస్తే వీధి మొదట్లో స్టూలు వేసుకుని చీటీల మనిషి కూర్చున్నాడు. ఇప్పుడతను నేల వైపు చూడటంలేదు.

బడి నుంచి తిన్నగా ఆ ఆఫీసుకు వెళ్ళాను. కోపంతో ఊగిపోతూ వెళ్ళానని చెబితే సగమే నిజం. మిగతా సగం భయం. అక్కడి గుమాస్తా చాలా మర్యాదగా కుర్చీ వేయించాడు. ఫైలు తెప్పించాడు. పైన నా అర్జీయే ఉంది. నా అందమైన దస్తూరీ కింద ఎవరో ఎర్రసిరాతో గీతలు గీశారు. గంప ఒకటే, చేప ఒకటే అన్నచోట ఒక గీత. అందరికీ అన్నివేళలా ఒకేలా అన్నచోట రెండు గీతలు.

"మీరే కదమ్మా రాసింది?" అన్నాడు.

"నేనే. కానీ నేను రాసింది దించినప్పుడు కూడా తీసుకోవద్దని."

అతను పేజీలు తిప్పాడు. "ఎక్కడమ్మా?" అన్నాడు.

నేను లాక్కుని చదివాను. నాలుగు పేజీలూ చదివాను. ఎక్కడా లేదు. అంత వాదించినదాన్ని, అన్ని ప్రశ్నలు వేసినదాన్ని, ఆశీలు ఎత్తెయ్యమన్న ఒక్క ముక్క రాయలేదు. వేరే చెప్పక్కర్లేదనుకున్నాను. చదివినవాళ్ళెవరికైనా తెలుస్తుందనుకున్నాను. మెడ సంగతి, చెయ్యి సంగతి కూడా లేవు. పేరు పెట్టనని మాటిచ్చాను కదా అని ఆ మనిషినే వదిలేశాను. పిల్లల పరీక్ష పేపర్లలో ఇలాంటి తప్పుకు సున్నా వేసేదాన్ని నేను. ఇంకో అర్జీ అక్కడే కూర్చుని రాసి ఇచ్చాను. గుమాస్తా తీసుకుని ఫైల్లో పెట్టాడు. ఇక ఈ ఏడుకు పాట అయిపోయిందమ్మా, కాంట్రాక్టరు ఒప్పుకోడు అన్నాడు. దాని జవాబు నాకు ఈ రోజుకీ రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం పేట ఆడవాళ్ళు వచ్చారు. ఎనిమిది మందో తొమ్మిది మందో. ఖాళీ గంపలు చంకల్లో ఉన్నాయి. మా చేపల అప్ప వాళ్ళ వెనకాల నిలబడింది. తిడతారనుకుని నేను గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది. ముందున్న ముసలమ్మ చేతులు జోడించింది.

"మా మంచికే రాసినారని ఇన్నాం తల్లీ. మల్లీ రాసి పాతదే సేయించండి."

"ఆ పాతది అన్యాయం కదమ్మా" అన్నాను. ఇంకా అదే అన్నాను.

ముసలమ్మ మెట్టు మీద కూర్చుంది. "అన్నేయమే తల్లీ. కాని అది మేం గెలుసుకున్న అన్నేయం" అంది. వాళ్ళ అత్త కాలంలో కాంట్రాక్టరు మనుషులు దారిలోనే గంపలు పట్టుకుని లాగేవారట. ఒకామె కింద పడి నడుం విరగ్గొట్టుకుందట. అప్పుడు పేట ఆడవాళ్ళందరూ ఒక్క మాట మీద నిలబడి చేపలు తేవడం మానేశారట. ఇళ్ళల్లో పిల్లలు గంజి నీళ్ళతో ఉన్నారట. చివరికి కాంట్రాక్టరే పేటకు వచ్చాడట. "నేల నాది, నెత్తి మీది అన్నాడు తల్లీ. కాయితం నేదు, ముద్ర నేదు. నోటిమాటే. పాట ఎవుడు పాడుకున్నా, ఇన్నాల్లూ ఆ మాట ఎవుడూ దాటనేదు."

నేను సోషల్ టీచర్ని. ఒప్పందాలూ పోరాటాలూ పిల్లల చేత కంఠతా పట్టించిన మనిషిని. నా మెట్ల ముందు ఏడేళ్ళు నిలబడి ఉన్న ఒప్పందాన్ని పట్టుకుని అర్థంలేని నియమమని రాశాను. ఎవరినీ అడగలేదు. వద్దమ్మా అన్న మనిషిని ఎందుకు వద్దు అని కూడా అడగలేదు. మళ్ళీ రాశానని మాత్రం చెప్పగలిగాను. వాళ్ళు నమ్మారో లేదో తెలియదు, లేచి వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు పొద్దున "సేపలమ్మా" అని కేక వినిపించింది. పళ్ళెం పట్టుకుని పరుగెత్తాను. పై మెట్టు మీద నిలబడి అలవాటుగా గంపలోకి చూడబోతే అక్కడ గంప లేదు. గంప వీధిలో నేల మీద ఉంది. ఆవిడ దాని పక్కన గొంతుక్కూర్చుని ఉంది. అన్నేళ్ళలో ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు. నడినెత్తిన చుట్టకుదురు ఆనే చోట గుండ్రంగా జుట్టు లేదు. చర్మం నున్నగా అయిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో చేపలు సర్దుతోంది. కొంగు అంచున చీటీ మడిచి దోపి ఉంది.

నేను మూడు మెట్లూ దిగి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. చెయ్యెలా ఉందని అడిగాను. "ఇది ఇంక రాదంటన్నాడమ్మా డాక్టరు. ముందే దించుకునుంటే వచ్చును అన్నాడు" అంది. నా మీద కోపం ఆ గొంతులో వెతికాను. లేదు. ఎండ ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"అప్పా, ఇన్నేళ్ళలో ఈ చుట్టుపక్కల ఆశీలు లేని చోటే దొరకలేదా? కాసేపు దించుకోవడానికి?" అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"ఎందుకు నేదమ్మా" అంది. "వీది ఆడిది. అరుగులు ఆడివి కావు కదా. అరుగు మీద దించితే ఆడేటీ సెయ్యనేడు."

"ఏ అరుగు?"

ఆవిడ నా వెనక్కి చూసింది. నేను తిరిగి చూడక్కర్లేదు. వీధి మగవాళ్ళంతా సాయంత్రాలు కూర్చుని పన్నుల మీద విరుచుకుపడే అరుగది. పొద్దుటి పూట ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

"మరి ఒక్కసారి అడగొచ్చు కదా అప్పా" అన్నాను.

"అడుగుదునే అనుకున్నానమ్మా, సెయ్యి మొద్దుబారినప్పుడు. నోరు రానేదు." ఎడంచేత్తో ఒక కానాగంతను తీసి, కళ్ళతో చూసి, నా పళ్ళెంలో పెట్టింది. "నాను ఇలా ఎల్లగానే మీరు అలా బకెట్టుతో నీల్లు తెచ్చి మెట్లూ అరుగూ కడుగుతారు కదా. ఆ సప్పుడు మలుపుకాడ దాకా ఇనపడతాది."

నిజమే, కడిగేదాన్ని. రోజూ కడిగేదాన్ని. ఏడేళ్ళపాటు, బడికి ఆలస్యమవుతున్నా కడిగే వెళ్ళేదాన్ని. ఇంతసేపూ ఈ కథ చెబుతూ ఆ సంగతి ఒక్కచోట కూడా రాయలేదు. దాచి పెట్టాలని కాదు. చెప్పుకోవలసిన సంగతి అని నాకు తోచనే లేదు.

లేచి, గంప అంచు పట్టుకున్నాను. "లే అప్పా. పైన పెడదాం. ఇక రోజూ ఇక్కడే పెట్టుకో" అన్నాను.

ఆవిడ నా చేతి మీద తన కుడిచెయ్యి వేసి ఆపింది. ఆ చెయ్యికి బరువుందిగాని పట్టు లేదు.

"ఇప్పుడేటికమ్మా" అంది. "వీది మొగలోనే సీటీ కోసీసినాడు. ఇంక నా గంప ఎక్కడున్నా ఒకటే."